మీటరు ముల్లు

టర్బో జీపుకు కొత్త మీటరు బిగించిన మెకానిక్ పక్కన కూర్చున్నాడు. ఓనరు బండిని బోధన్ రోడ్డెక్కించాడు.

“ఇంకా తొక్కన్నా. టర్బో గాలి ఎంత నెడితే ముల్లు అంత లేస్తది.”

“తొక్కుతనే ఉన్న తమ్మీ. సగం గూడ లేస్తలేదు సూడు. నా బామ్మర్ది అడ్డగోలుగ తోలి టర్బో ఖరాబ్ చేసిండు. ఊకెనే డ్రైవర్ పనిలకెల్లి ఎల్లగొట్టిననా వాన్ని? రేపు పంచాయితీల సూపెట్టనీకే గీ మీటర్ పెట్టించిన.”

“జర ఆపు, బానెట్ లేపి సూస్త... అన్నా, గాలి ఫిల్టర్ మూతికి గీ చీరముక్క ఎవరు కుక్కిండ్రు?”

“నేనే. చెరుకు బండ్ల ఎనుక దుమ్ము లోపటికి పోవద్దని. అవ్వ పాతచీర, మెత్తగుంటది.”

“ముక్కు మూసుకొని ఉరుకు, ఎంత దూరం పోతవో సూస్త! పీకేసిన. ఇప్పుడు తొక్కు.”

“...లేసింది తమ్మీ. పైగీత దాక లేసింది.”

“టర్బో మంచిగనే ఉన్నది. ఇగ షెడ్డుకు మర్లు. అరే, ఎటు పోతున్నవన్నా?”

“మెండోరకు. బామ్మర్ది గాడనే ఉన్నడు.”

“నా షెడ్డు తెరిచే ఉన్నదన్నా! పోయి ఏం చెప్తవ్?”

“నాకు మాట రాదు. బండి తాళం వాని చేతిల పెట్టి పక్కన కూసుంట. ముల్లు వాడే సూస్తడు.”