తల్లులను సంపే సరోజమ్మ

ఏమన్నవ్ స్ఫూర్తీ, సరోజమ్మ ఎవరా? హయ్యో, ఆమె ముచ్చట తెల్వకుండనే మన 'చేదోడు'ల చేరినవా బిడ్డా. జర కుర్సీ ఇటు జరుపుకో. గప్పట్ల గీ ఫిల్మ్‌నగర్‌ల మనకు టైలరు దుకాణం మీద ఒక్కటే అర్ర. మనసు బాగలేనోళ్లు ఫోన్ చేస్తే మాట్లాడాలె, డాక్టరు దగ్గరికి తోల్కపోవాలె, ఇంటోళ్లకు సమజ్ చెయ్యాలె. గా ఫోన్ ఎత్తేది సరోజమ్మ. ఏలూరు దిక్కామె, చర్చికి పోయే మనిషి, సినిమాలల్ల డబ్బింగ్ చెప్తుండె. అన్నీ సచ్చిపోయే తల్లులే. తెర మీద ఏ తల్లి మంచం పట్టినా గొంతు ఈమెదే. నేను షూటింగులకు జనరేటర్ బండి నడిపేటోణ్ని గదా, డబ్బింగ్ థియేటర్ ముంగట చాయ్ బండి కాడ అడిగేటోణ్ని, ఇయ్యాల ఎవరిని సంపినవమ్మా అని. "ఇద్దర్నండీ ఓదెలుగారూ. ఒకామెకి క్షయ, ఇంకొకామెకి కోడలు" అనేది.

గామెకు గూడ ఒకపాలి మనసు చెదిరింది. మైకు ముంగట నోరు పెగలకపాయె, ఇంట్ల మంచం దిగకపాయె. మందులు వాడి, మనసుల మాట చెప్పుకొని, మెల్లగ నిలదొక్కుకుంది. గందుకే వచ్చి మన ఫోన్ కాడ కూసుంది. కని ఏం తమాష అయ్యేదంటవ్, అవుతలోడు ఏడ్సుకుంట ఫోన్ చేసేటోడు, ఈమె గొంతు ఇనంగనే ఏడుపు మర్సిపోయి, అమ్మా, మీరు ఇంటర్వెల్ ముంగట సచ్చిపోయే తల్లి గదా అనేటోడు. అవును నాయనా, ఇయ్యాల మాత్రం బతికే ఉన్న, నీ సంగతి చెప్పు అనేది. బోరబండల బుచ్చమ్మ అని ఒకామె ఉండె. ముందుగాల ఒక సావు డైలాగు చెప్పిచ్చుకొని, కడుపార నవ్వి, గప్పుడు తన గోస మొదలువెట్టేది.

మా తమ్ముని సంగతి ఇను. కమలాకర్ కెమెరా పక్కన నిలవడి బొమ్మ మసకగాకుండ సూసేటోడు, పనిల మంచి పేరు. ఉన్నట్టుండి అర్ర తలుపేసుకున్నడు. అందరు నన్నే సూస్తున్నరు, నా గురించే మాట్లాడుతున్నరు అంటుండె. మా మరదలు మంజులత తలుపు కాడ పళ్లెం పెట్టి కూసునేది. బస్తీల ఒకలు గాలి సోకిందనిరి, ఇంకొకలు ఎర్రగడ్డ పిచ్చి దవాఖాన కేసనిరి. నేను పోయి సరోజమ్మను తోల్కొస్తిని. ఆమె తలుపు కొట్టలే, బయటికి రమ్మనలే. గడప ఇవుతల సాప మీద కూసొని గొంతులు మొదలువెట్టింది. అత్త గొంతు, కోడలు గొంతు, నడుమల పాలకు ఏడ్సే పసిపిల్ల గొంతు. చారుల ఉప్పెక్కువైందని లొల్లి. మంజులత నోట్లె కొంగు కుక్కుకుంది, నేను గోడకు ఆనుకొని పొట్ట పట్టుకున్న. ఇగ అత్తకు సావొచ్చింది. ఆఖరి ఊపిరి తీస్తది, పోతది అనుకుంటే మల్ల లేస్తది, మల్ల ఉప్పు సంగతే. జర సేపటికి లోపట్నుంచి మా తమ్ముడు, "అమ్మా, గామెను జల్ది సంపెయ్యి, నాకు ఆకలైతుంది" అన్నడు. తలుపు తీసిండు. గా నవ్వుకే నయమైందనుకోకు బిడ్డా. డాక్టరు కాడికి ఆమెనే ఎంబడి పోయింది, మందులు కుదిరేదాక మల్లమల్ల తిరిగినం. మనిషయ్యేసరికి ఏడాది పట్టింది.

గప్పుడు పనికి పోతే ఏమైంది? జూబ్లీహిల్స్‌ల ప్రొడ్యూసరు మంచిగనే మాట్లాడిండు, ఇంకొన్ని రోజులు రెస్ట్ తీసుకో అన్నడు. మనోడు గడప దాటంగనే, పిచ్చోడి చేతికి కెమెరా ఇస్తామా అన్నడంట. గప్పటికే తీసి పెట్టిన ఆయన సినిమాకు డబ్బింగ్ మన సరోజమ్మదే. తల్లి సావు ఒక్కటి మిగిలింది, శుక్రారం రిలీజు. ఆమె మైకు ముంగట చేతులు కట్టుకొని కూసుంది. తెర మీద తల్లి పెదవులు కదుపుతుంది, సప్పుడు లేదు. ఇంకో పిల్లను తెచ్చి చెప్పిస్తే, సచ్చినట్టు లేదు, తుమ్ము రాక ఆగినట్టుంది. ప్రొడ్యూసరు ఉరికొచ్చిండు. గప్పుడు నోరు ఇప్పింది సరోజమ్మ. "నేనూ మందులు వేసుకుంటున్నదాన్నేనండీ. నా గొంతు మీకు పనికొస్తుంది, కమలాకర్‌గారి చెయ్యి పనికిరాదా?" ఆయన కుర్సీ గుంజుకొని కూసున్నడు. ఎప్పట్నుంచమ్మా అని మెల్లగ అడిగిండు. మీ కిందటి సినిమాల సచ్చిన తల్లి గూడ మందేసుకునే సచ్చింది అని చెప్పింది. కమలాకర్‌ను కొత్త సినిమా పనికి రమ్మని ప్రొడ్యూసరు ఫోన్ చేసినంకనే ఆమె తల్లిని సంపింది. ఎట్ల సంపిందనుకున్నవ్, ప్రొడ్యూసరే కండ్లు తుడుసుకున్నడు.

సరోజమ్మ పోయి చానేండ్లాయె ఇప్పటికి. నిద్రల గుండె ఆగింది. గన్ని సావులు చెప్పిన మనిషి, తన సావుకు ఒక్క మాట చెప్పలే. సమాధుల కాడ సూడాలె జనం, అందరు ఫోన్‌ల మాట్లాడినోళ్లే, ఒక్కలు గూడ మొఖం సూసినోళ్లు కాదు. మోతీనగర్ నుంచి బాలనర్సయ్య అని పెద్దమనిషి, పెట్టెల సూసి, గీమె కాదు, నేను మాట్లాడినామె పొడుగ్గ, ఎర్రగ ఉంటది అని లొల్లి. ఇంకొకామె, కాదు, సన్నగ, చిన్న వయసామె అంటది. గా లొల్లికి పాస్టరుగారికి గూడ నవ్వాగలే. ముత్తెమంత మనిషి పెట్టెల, సుట్టూత గంతమంది నవ్వుడు.

గదంత ఒడిసినంక మేం గీడికొచ్చి తాళం తీస్తిమా, లోపట ఫోన్ మోగుతుంది. కమలాకర్ నా దిక్కు సూసిండు. నేను ఆని దిక్కు సూసిన. ఆడే పోయి ఎత్తిండు. అవుతలామె, సరోజమ్మ లేదా అని అడిగింది. ఆడు ఏమన్నడంటే, అమ్మ లేదు తల్లీ, నేనున్న, నీ సంగతి చెప్పు అని...

పంకా జర పెంచు బిడ్డా, ఉక్కపోస్తుంది.