మామ్మ పాటకి చుక్క మందు

"చుక్కంటే చుక్కే! పిసరు కూడా ఎక్కువ పడలేదు," అన్నాడు కండక్టరు బాబాయి, టీ గ్లాసు వరండా మెట్టు మీద పెట్టి. రిటైరయ్యాడే గానీ, బస్సులో "రైట్, రైట్" అని అరిచిన గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది. వింటున్నది పై వాటా ప్లంబరు, పక్క వాటా టైలరు, గుమ్మం పక్కన కుర్చీలో బాబాయి వాళ్లమ్మ. ఆవిడ అందరికీ మామ్మే. చూపు బాగా తగ్గాక ఆవిడకి సాయంత్రం పూట పాటలే కాలక్షేపం.

"మా పాత స్టీరియో సెట్టు సంగతి తెలుసుగా? పాట పెడితే గరగర. పారేయమన్నారు అందరూ. వెనక్కి తిప్పి చూద్దును కదా, వైర్ల పిన్నులన్నీ చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. ఊరుకుంటానా? స్పిరిట్టు దూదితో ఒక్కో పిన్నూ తుడిచి, పిన్నుల్లో కరెంటు సాఫీగా పారేలా చేసే కాంటాక్టు మందు సీసా తెచ్చి, పిన్నుకో చుక్క వేశాను. ఆంప్లిఫయరుకి, స్పీకర్లకి, ఆఖరికి కరెంటు ప్లగ్గుకి కూడా పూసి, ఆరనీ అని సెట్టు మీద పెట్టాను. సాయంత్రం స్విచ్చి నొక్కి 'అమ్మా, విను!' అని కేకేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

టైలరుకి తెలుసు. ఆ రోజు ఆ కేక గోడ ఇవతల తన వాటాలోకి వినపడింది. కాసేపటికి "ఏదిరా, ఏమీ రావట్లేదే" అన్న మామ్మ గొంతూ వినపడింది. ఆ గొంతు విని ఉండబట్టలేక, తన సెట్టు స్పీకరుని గోడకి ఆనించి, మామ్మకి ఇష్టమైన పాత పాట పెట్టేశాడు. అతను ఈ వీధికి వచ్చిన కొత్తలో, ఒక్కరూ గుడ్డముక్క కుట్టడానికి ఇవ్వని రోజుల్లో, తన ఇంట్లో కర్టెన్లన్నీ విప్పించి "ఇవి కుట్టిపెట్టు నాయనా" అన్నది మామ్మే. చక్కగా ఉన్న కర్టెన్లవి, కుట్టాల్సిన పనే లేదు. ఆ సంగతి తలుచుకుంటే అతనికి ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. అప్పట్నుంచి రోజూ బాబాయి అటు కేకేయడం, ఇతను ఇటు పాట పెట్టడం. ఇది బయటపడితే కొడుకే సెట్టు బాగుచేశాడన్న ఆవిడ సంతోషం కాస్తా నీరుగారిపోతుందని అతని భయం.

"పాట వచ్చింది!" బాబాయి తనే జవాబిచ్చుకున్నాడు. "అలాంటిలాంటి పాటా? గాయని ఊపిరి పీల్చడం వినపడింది. మర్నాడు ఫ్లూటాయన గుటక వేయడం వినపడింది."

"గుటకా?" అన్నాడు ప్లంబరు.

"గుటకే! మంచినీళ్లు కూడా కాదు, కాఫీ. చక్కెర తక్కువైందని గొణుక్కున్నాడు కూడా. మందు లోపలికి దిగే కొద్దీ లోతు పెరిగిందిరా నాయనా. ఒకరోజు స్టూడియో బయట వాన! పరుగెత్తుకెళ్లి మా దండెం మీది బట్టలు తీసేశాను. ముట్టుకుంటే తడి!"

"బట్టలు ఉతికి ఎంతసేపైంది బాబాయ్?" అడిగాడు ప్లంబరు.

"నువ్వు మధ్యలో అడ్డుపుల్లలు వేయకు. నిన్నటి సంగతి విను. పాట మధ్యలో టకటకమని కుట్టు మిషను! ఏమిటా అని చెవి ఆనించాను. గాయని బట్టలెక్కడో పిగిలాయి, ఆవిడ పాడుతుండగానే పక్కన కూర్చుని కుడుతున్నాడొకడు. దారం తెగితే తిట్టాడు కూడా. ఆ తిట్టేమిటో చెప్పను, అమ్మ ఉంది."

టైలరుకి టీ పొరపోయింది. నిన్న అర్జెంటు పని పడి, పాట పెట్టి మిషను తొక్కాడు మరి.

"ఆ మందు కనిపెట్టిన మహానుభావుడెవరో, వాడి కడుపు చల్లగుండా," అన్నాడు బాబాయి. ఈసారి గొంతు తగ్గింది. "మా అమ్మ మొహంలో మళ్లీ నవ్వు చూశాను."

"అయితే మాకూ వినిపించు బాబాయ్, ఇప్పుడే!" అన్నాడు ప్లంబరు.

"ఇదిగో!" అంటూ లోపలికెళ్లాడు బాబాయి.

"స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయాను" అంటూ టైలరు గబగబా లేచాడు. మామ్మ అతని చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

"కూర్చో నాయనా. పాలూ లేవు, పొంగడమూ లేదు."

లోపల స్విచ్చి టక్కుమంది. మళ్లీ టక్కుమంది. బాబాయి గుమ్మంలోకి వచ్చి బిక్కమొహం వేశాడు.

"ఒరేయ్, నువ్వు స్విచ్చి నొక్కితే పాట రాదురా," అంది మామ్మ. "ఈ అబ్బాయి లేచి ఇంటికెళ్తే వస్తుంది. నీ ప్లగ్గు ఆ రోజు నుంచీ సెట్టు మీదే ఆరుతోంది, చేత్తో తడిమి చూశాను."

ప్లంబరు పొట్ట పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాడు. టైలరు తల దించుకుని, "మీకు తెలుసా మామ్మా?" అన్నాడు.

"కళ్లు తగ్గాయి గానీ చెవులకేం? సెట్టు గుమ్మం దగ్గర, పాటేమో నా మంచం వెనక గోడలోంచి. మొదటి రోజే తెలిసింది. వీడు నాకోసం రోజల్లా చిలుము గీకాడు, నువ్వేమో నాకోసం గోడకి స్పీకరు ఆనించావు. ఇంత ప్రేమగా చూసుకుంటుంటే వద్దనడానికి నాకేమైనా పిచ్చా? మీ ఇద్దరి రుణం ఎలా తీర్చుకోవాలో తెలియక నోరు మూసుకున్నాను."

బాబాయి లోపలికెళ్లి ప్లగ్గు పెట్టాడు. పాట వచ్చింది. గరగర లేదు, పిసరు కూడా లేదు. ఇక కోతలు మొదలుపెడతాడని అందరూ ఎదురుచూశారు. బాబాయి మాత్రం ఒక కుర్చీ తెచ్చి మామ్మ పక్కన వేసి, టైలరు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఇన్నాళ్లూ మా అమ్మకి నువ్వు వినిపించావు," అన్నాడు మెల్లగా. "ఇవాళ నువ్వు కూర్చుని వినరా అబ్బాయ్."