తువ్వాలు దులిపి గెలిచిన కప్పు

"అమ్మమ్మా, చిన్నతాతయ్య అంత పెద్ద కోచ్ ఎలా అయ్యాడో చెప్పు. ఫోన్ ఆన్ చేశాను."

చెప్తా. ముందు ఆ జంతికల డబ్బా ఇటు జరుపు. నోరు ఆడుతుంటేగానీ నాకు మాట రాదు.

మా తమ్ముడు శేషగిరి నాకంటే పన్నెండేళ్ళు చిన్న. కాదు, పదమూడు. వాడు పుట్టిన ఏడే నేను ఏడో క్లాసు తప్పి... అదొద్దులే. వాడు ఆడింది బేస్‌బాల్. క్రికెట్ కాదమ్మా. మన కర్రాబిళ్ళకి ప్యాంటూ టోపీ తొడిగినట్టుంటుంది. లావుపాటి కర్రతో బంతిని కొట్టి, నేలమీద దిండ్లలాంటివి మూడుంటాయి, వాటిని తొక్కుకుంటూ బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. వీడు తెనాలిలో ఒకసారి కొట్టాడు చూడూ, ఆ బంతి వెళ్ళి రేపల్లె పాసింజర్లో పడింది. టికెట్టు లేకుండా రేపల్లెలో దిగింది. నవ్వుతావేంటే? స్టేషన్ మాస్టారు కబురు కూడా పంపాడు!

తర్వాత ఆ దిండు మీదకే జారబోయి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఇక ఆడటం అయిపోయింది. బాపట్లలో ఓ ఆడపిల్లల బడి వాళ్ళు పిలిచి జట్టు అప్పజెప్పారు. ఆ పిల్లలా? ఎదుటి జట్టు రాకపోయినా ఓడిపోయేవాళ్ళనుకో.

మా నాన్న పశువుల బేరగాడు కదా. సంతలో ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు నొక్కుకుంటూ మాట్లాడుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి ముక్క తెలీదు. మావాడు అది పట్టుకున్నాడు. అరిస్తే అవతలివాళ్ళు వింటారని, నాన్న ఎర్ర తువ్వాలు భుజానేసుకుని దాంతోనే సైగలు. ఎడమ భుజాన ఉంటే ఆగు. కుడి భుజానికి మారిస్తే కొట్టు. దులిపితే మాత్రం వెనకాముందూ చూడకుండా పరిగెత్తు. అంతే, గెలవడం మొదలెట్టారు. చేబ్రోలు వాళ్ళు ఏడ్చిన ఏడుపుకి ఓ ఎకరం తడిసింది.

కానీ ఫైనల్ దాకా రావడం, ఓడిపోవడం. రెండేళ్ళు అంతే. మూడో ఏడు రేపల్లెలో ఫైనల్. బడి కమిటీ పెద్దాయన ముందే చెప్పేశాడు. "శేషగిరీ, ఈసారీ కప్పు రాకపోతే జట్టు ఎత్తేస్తాం. నువ్వెళ్ళి గేదెలు చూసుకో." పాపం వీడు రాత్రి అన్నం ముట్టలేదు. వాడిదీ నేనే తిన్నాను.

నేనూ వెళ్ళి వాడి పక్కనే బల్ల మీద కూర్చున్నాను. ఎండ చూస్తే రేకు మీద అప్పడం పెడితే వేగేట్టుంది. "అక్కా, నెత్తిన వేసుకో" అని ఆ తువ్వాలు నాకిచ్చేశాడు. ఆ కంగారులో దాంతోనే సైగలు చేస్తాడన్న సంగతే మర్చిపోయాడు. నాకేం గుర్తుంటుంది? కాసేపటికి ఒళ్ళో పరుచుకుని జంతికలు తింటున్నా.

చివరి ఆట. రెండు జట్ల పరుగులూ సమానం. మూడో దిండు మీద మన షమీమ్, ఆటో కరీం కూతురు. ఒక్క పరుగు చాలు. ఒళ్ళో చూస్తే పొడి, చీమలు. లేచి దులిపాను.

షమీమ్ పరుగు లంకించుకుంది!

"ఆగవే! ఆగవే తల్లీ!" అని మావాడు గొంతు చించుకుంటున్నాడు. అది ఆగుతుందా? తువ్వాలు చూసిందిగా. అవతలి జట్టులో బంతి విసరాల్సిన పిల్లేమో ఊడిన జడ సర్దుకుంటోంది. ఇది చూసి బిత్తరపోయి విసిరితే బంతి మూడు మూరల అవతల పడింది. షమీమ్ దుమ్ములో దొర్లుకుంటూ వచ్చి బయల్దేరిన చోట పడింది. కప్పు మనదే!

పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. "ఆ టైములో పరిగెత్తించాలని ఎలా తట్టిందయ్యా నీకు?"

శేషగిరి నావంక చూశాడు. నేను చెబుదామంటే నోటినిండా జంతికలు.

"మా నాన్న దగ్గర నేర్చుకున్నదండి" అన్నాడు, తల వంచుకుని.

అప్పట్నుంచి ఎన్ని కప్పులో! ఎక్కడ ఫైనలున్నా వాడు పంపిన ఆటో నాకోసం తెనాలికొస్తుంది. నన్ను కూర్చోబెట్టి ఒళ్ళో తువ్వాలు పరుస్తాడు. "ఏం చెయ్యాలిరా?" అంటే, "ఏం చెయ్యొద్దక్కా. తింటూ ఉండు" అంటాడు.

ఇదెవరికీ చెప్పకే. ఆ ఫోనింకా ఆన్‌లోనే ఉందా? పోనీలే. నువ్వూ ఎక్కడ అడుగేస్తే అక్కడ గెలుపు నీకెదురు రావాలి తల్లీ. చల్లగా ఉండు. అదుగో, ఆటో హారన్... తువ్వాలు వాడి దగ్గరే ఉందిలే, ఆ డబ్బా అందుకో...