కథలో ఎక్కువైన మనిషి

హలో… ఆ, నేనే. ఎడిటర్‌ని మాట్లాడుతున్నాను. మీ మామయ్య రాసిన కథ చదివి కుర్చీలోంచి కింద పడ్డానమ్మా, నడుం పట్టేసింది. ఆయన ఫోటో పెద్దగా వేయమని—

ఆఁ?… ఎడిటర్ నీ ఎదురుగానే కూర్చున్నాడా?

ఛ. నువ్వు ఆ పత్రికలో చేరినప్పట్నుంచి నిన్ను ఆటపట్టించడం కష్టమైపోయింది కోడలుపిల్లా.

సరే, చెప్పు… సంచిక సాయంత్రానికల్లా ప్రెస్సుకి వెళ్ళిపోతుందా? మరి నా కథ?… ఎక్కువైందా? ఎంత?… సగమా!

ఒసేయ్, ఆరో క్లాసు రెండుసార్లు చదివినవాణ్ణి నేను. ఏదైనా రెండేసిసార్లు చెప్పడం అక్కణ్ణుంచే అలవాటు. ఇప్పటికే నాలుగుసార్లు దిద్దాను… అవును, దిద్దిన ప్రతిసారీ పెరిగింది. ఒప్పుకుంటున్నా.

ఊఁ… ఊఁ… లిఫ్టులో ఇరుక్కున్న అన్నదమ్ములు బాగున్నారా? చూశావా! అన్న మూడో అంతస్తు, తమ్ముడు ఐదో అంతస్తు, ఏళ్ళ తరబడి మాటల్లేవు, ఇద్దరూ ఒకే లిఫ్టులో… రాస్తూ నేనే ఏడ్చాను తెలుసా. అంటే, ముందు నవ్వాను. తర్వాత ఏడ్చాను.

మరి ఎవర్ని తీసెయ్యాలి?…

హుష్! మెల్లగా. ఆగు, బాల్కనీలోకి వెళ్తున్నా.

…అమ్మడూ, ఆ మాట ఇంకోసారి అనకు. కథలో లిఫ్టు మెకానిక్కు ఎవరు? నేను. మెకానిక్కు పెళ్ళాం అంటే ఎవరు మరి? మీ అత్తయ్యే కదా!… పనెందుకు లేదు, క్యారేజీ తెస్తుంది. తెచ్చి, తిడుతుంది… మూడు పేజీలా? ఇంట్లో ఇంకా ఎక్కువే తల్లీ, నేనే తగ్గించాను.

కుదరదే. తన గురించి రాశానని పైవాటా వాళ్ళకీ, కుట్టుమిషనావిడకీ, ఆఖరికి గ్యాసు తెచ్చేవాడికీ చెప్పుకుంది. పెళ్ళయ్యాక నేను చేసిన మంచిపని ఇదొక్కటేనట. రేపు పత్రిక తెరిచి తనకోసం తను వెతుక్కుంటే… నా గతేంటో ఆలోచించు.

పోనీ ఒక్క పేజీ తిట్టిస్తే?… ఒక్క వాక్యం?… తలుపు వెనక దగ్గితే?… దగ్గు కూడా వద్దా! రాతిగుండె నీది. అచ్చం మీ అమ్మే.

మరి మెకానిక్కు మాటలు?… "బానే ఉన్నాయి" అని అలా నీరసంగా అంటావేంటి?… లిఫ్టు పైనుంచి తల దూర్చి అన్నదమ్ములకి బుద్ధి చెప్తాడే, ఆ ఉపన్యాసం… మధ్యలో జోకులు… ఒక్కదానికైనా నవ్వావా?… ఒక్కదానికి?…

అమ్మో.

…ఏం లేదు. మీ అత్తయ్య. నా వెనకే నిలబడి ఉంది, తడిబట్టల బకెట్టుతో. ఎప్పట్నుంచో… దగ్గు దగ్గర్నుంచట.

ఆగు, ఏదో నీకు చెప్పమంటోంది. బీరువా మీద దాచిన కాగితాలు తీసి నిన్ననే మొత్తం చదివేసిందట… ఏంటీ?… ఏంటీ!

కథలో ఎక్కువైంది పెళ్ళాం కాదట. మెకానిక్కట!

నవ్వకే! వాడు లేకపోతే లిఫ్టు ఎవడు బాగుచేస్తాడు?… నీకు కాదు, ఈవిడకి చెప్తున్నా… ఉండొచ్చట. నోరు మూసుకుని బాగుచెయ్యొచ్చట. వాడి వాగుడు ఆగితే కదా లోపలున్న ఇద్దరూ మాట్లాడుకునేది, అంటోంది.

…

అమ్మడూ, ఉన్నావా?… ఏంటి, నీకూ నచ్చేసిందా?… సరే, రాసుకో. ఈవిడ చెప్తోంది, నేను అందిస్తున్నా.

మెకానిక్కు వైరు కలిపేశాడు. ఇంక స్విచ్చి వెయ్యడమే. అప్పుడొచ్చింది పెళ్ళాం, క్యారేజీతో. లోపల్నుంచి గొంతు. ముందు ఒకటి… కాసేపటికి రెండోది. పెళ్ళాం వాడి చెయ్యి పట్టుకుని, "ఇప్పుడే వెయ్యకు. మాట్లాడుకుంటున్నారు" అంది. ఇద్దరూ వెళ్ళి మెట్లమీద కూర్చున్నారు. క్యారేజీ చల్లారిపోయింది.

…అంతే. అంతేనట.

నాకు ఒక్క మాట కూడా లేదు చూడు. ఆ గ్రీజు జోకొక్కటి ఉంచవే… ఎడిటర్ కూడా వద్దంటున్నాడా? నన్ను స్పీకర్లో పెట్టావా! దొంగమొహమా, ఎవరి దగ్గర నేర్చుకున్నావే ఈ వేషాలు… నా దగ్గరా. సరే.

కింద పేరు మాత్రం నాదే వెయ్యి… ఇద్దరిదీనా?… ముందు ఆవిడదా!

…హలో? చప్పుడు లేదేంటి?… చదువుతున్నారా?… ఎక్కడిదాకా వచ్చారు, చెయ్యి పట్టుకునే చోటికా?… హలో… అబ్బ, ఇంతసేపు ఊరికే ఉండటం నావల్ల కాదు, ఈలోపు ఆ గ్రీజు జోకు చెప్పేస్తా. ఒకడు లిఫ్టు కింద దూరి—

ఏయ్, చెయ్యెందుకు పట్టుకుంటావే… ఏంటీ?

…ఊఁ.

సరే. చదువుకోనీ. పెట్టేస్తున్నా.