పొద్దుగాల మోగని ఫోను

ఫోను మంచిగనే ఉన్నదని మళ్లా అనకు, అనికేత్ తమ్మీ. మంచిగుంటే నీ దుకాణంల నాకేం పని?

అవు, నువ్వు మెసేజ్ పంపితే మోగింది. చేతుల పట్టుకొని చూస్తుంటే ఎట్లన్న మోగుతది. పక్కన పెట్టి పంటే మోగదు. కూలికి పిలిచే మా ముకాదం మంగేష్ పొద్దుగాల అయిదున్నరకు గ్రూపుల ఏస్తడు, ఏ బిల్డింగు పని, ఎంతమంది ఆడోళ్లు కావాలెనని. ముందుగాల 'వస్త' అన్నోళ్లకే పని. నా ఫోనుకు ఆ మెసేజ్ ఎప్పుడొస్తదో ఎరికేనా? నేను లేసి ఆప్ తెరిచినంక.

నాతోని ఒక్క అర్రల, అదే ఖోలీల ఉండే సంధ్య ఫోను మాత్రం టైముకు మోగుతది. తన పేరిచ్చుకున్నంక నన్ను లేపుతది. ఒక్కోనాడు నాకు దొరుకుతది, ఒక్కోనాడు అప్పటికే మంది నిండిపోతరు.

సంధ్యనా? మా పాలమూరు దిక్కు పిల్లనే. ఎనిమిదేండ్ల సంది పదకొండో గల్లీల ఒక్క ఖోలీల ఉన్నం. ఇటుకల తట్ట ఒకరికొకరం నెత్తికెత్తేటోళ్లం.

ఒకనాడు నా ఫోను ఆమె చేతుల కనవడ్డది. ఏం జేస్తున్నవే అంటే 'చార్జింగ్‌కెల్లి తీస్తున్న అక్కా' అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలే. ఇదే ఏదో నొక్కి నా ఫోను నోరు మూసిందనుకున్న.

ఏందది, మళ్లా చెప్పు. బ్యాటరీ మిగిలిచ్చుకోనీకె ఫోనే ఆప్‌ను పండబెడ్తదా? ఎవ్వలు ముట్టకున్నా?

ఆప్ వెనుక నడుస్తనే ఉండాలెనని ఒక బటన్ నొక్కాలెనా. నొక్కు. ఆగు, ముందుగాల సక్కగ సూడు. అది ఎవరన్న బంద్ జేసినట్టు ఉన్నదా? లేదా? కొన్నకాడికెల్లి గట్లనే ఉన్నదా?

జర నీళ్లియ్యి తమ్మీ.

ఆ అనుమానంతోనే నేను మంగేష్‌తోని ఒక మాటన్న. సంధ్య సైటుకెల్లి ఇత్తడి నల్లాలు ఎత్తుకపోతున్నదని. ఉత్త అబద్ధం. ఆయన అందరి ముందల ఆమె సంచి దులిపిచ్చిండు. అన్నం డబ్బ పడ్డది, దువ్వెన పడ్డది. ఏం దొరకకున్నా గ్రూపులకెల్లి తీసేసిండు. ఆమె డబ్బ సంచిల ఏసుకున్నది. దువ్వెన తీసుకొని, వర్లిల ఉండే వాళ్లక్క ఇంటికి పోయింది.

గా తెల్లారికెల్లి నన్ను లేపెటోళ్లు లేరు. నాలుగు దినాలాయె, ఒక్కనాడు పని దొరకలే. నేను ఫోన్ జేస్తే సంధ్య ఎత్తదు.

మంగేష్‌కు ఉన్నమాట చెప్పుమంటవా? చెప్తే నన్ను గూడ తీసేస్తడు. అప్పుడు ఈ బటన్ ఎందుకు, ఈ ఫోనెందుకు? నేను చెప్ప తమ్మీ. నా కడుపుకు గంతే ధైర్యమున్నది.

నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకు.

అట్లెందుకు చూస్తున్నవు? నీ ఫోనుల ఏం నొక్కుతున్నవు, నా మాటలు రికార్డ్ చేస్తున్నవా? ఇటు సూపియ్యి.