అందర్నీ మార్చిన మావయ్య

నమ్మవు వదినా. పందెం! మొత్తం చదివాక "ఛ, మా నాన్న అలా చెయ్యడు" అనకుండా ఉండగలవా, చూద్దాం.

ముందు టైప్ చెయ్యడం ఆపు. నన్ను చెప్పనీ. నేను వంటింట్లో ఉన్నా. మీ అమ్మా నాన్నా మా ముందు గదిలో ఉన్నారు, ఈ నిమిషం. తలుపు సగం తెరిచే ఉంది.

అమ్మావాళ్ళ లాండ్రీలో పింఛను గొడవ తెలుసు కదా? జీతం చేతికి రాకముందే ఓ ముక్క కోసేస్తారు, ముసలయ్యాక పింఛనుకని. కంపెనీ కూడా అంతే ముక్క కలపాలి. పోయినేడాది కొత్త రూలొచ్చింది, కావాలంటే ఆ కోత సగం చేసుకోవచ్చని. చేతికి ఎక్కువొస్తుంది. కంపెనీ కలిపేది కూడా సగమైపోతుంది, ఆ సంగతి మాత్రం ఎవడూ గట్టిగా చెప్పలేదు. ఒక్కసారి మారితే ఇక వెనక్కి లేదు.

అమ్మ మారనంది. అసలు ఒప్పుకోలేదు తెలుసా! "నా మణికట్లు ఇంకో ఏడాదే, తర్వాత పింఛను తీసుకుని ఇంట్లో కూర్చుంటా" అంది.

అప్పుడొచ్చాడు మీ నాన్న, అన్నగారి హోదాలో. "పిచ్చిదానా, చేతిలో ఉన్నదే డబ్బు, నేనూ మారుతున్నా, సంతకం పెట్టు" అన్నాడు. అంతే. పెట్టేసింది.

ఎందుకు పెట్టిందంటావేంటి? మీ నాన్న సూపర్‌వైజర్ కాకముందు ఎన్నేళ్ళు అమ్మకి జోడీ? హాస్పిటల్ దుప్పట్లు ఒకళ్ళు మడవలేరు కదా, అటు ఆయన, ఇటు అమ్మ. ఆ మెషిన్ల మోతలో మాట వినపడదు. ఎడమ పక్కనున్నవాళ్ళు ఎటు మడిస్తే రెండోవాళ్ళు అటు మడవాలి, అడగకూడదు, అదే అక్కడి పద్ధతి. ఎడమ పక్క ఎప్పుడూ మీ నాన్నే. అమ్మకి అదే అలవాటైపోయింది, ఇంట్లో కూడా! నన్ను ఏ స్కూల్లో వెయ్యాలో కూడా ఆయన్నే అడిగింది.

పైగా ఫ్లోర్లో అమ్మే సీనియర్. అమ్మ మారిందని తెలిసి అందరూ వరసగా మారిపోయారు. ఆ నెల అందరూ ఖుషీ. తర్వాత మీ నాన్నకి అద్దాల గది, తిరిగే కుర్చీ. మేం ఎంత సంబరపడ్డామో! నేనైతే ఆ కుర్చీలో నాలుగు రౌండ్లు తిరిగొచ్చా.

ఇప్పుడేమైంది? అమ్మ పింఛను లెక్క అడిగితే ఆఫీసావిడ నవ్వాపుకుంది. మారినవాళ్ళకి పాత ఏళ్ళన్నిటికీ కూడా సగం లెక్కే కడతారట. ఇంకో ఆరేళ్ళు చెయ్యాలట, బతకడానికి సరిపోవాలంటే! ఆ మణికట్లతో. పొద్దున జడ కూడా వేసుకోలేకపోతోంది వదినా, నేనే వేస్తున్నా.

తాతయ్య పింఛను కూడా తగ్గించేశారు. ఇప్పుడు పనిచేసేవాళ్ళ దగ్గర కోసిందే ముసలాళ్ళకి ఇస్తారట, కోతే సగమైతే ఇంకేం ఇస్తారు? ఆయన రేడియో ముందు కూర్చుని గవర్నమెంటుని తిడుతూ టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువేసుకుంటున్నాడు. దీనికి కోత లేదుగా అంటాడు.

అసలు సంగతి ఇప్పుడు విను.

రేపు ఫ్లోర్ మొత్తం మీ నాన్న గదికి వెళ్తోంది, మమ్మల్ని మోసం చేశావని. అందుకే సాయంత్రం ఇద్దరూ వచ్చారు, అమ్మని చల్లబరచడానికి. మీ అమ్మ పాపం, ఓదార్చబోయి ఏమందో తెలుసా? "నువ్వేం కంగారుపడకమ్మా, ఏదైనా అయితే మేం చూసుకోమా? ఈయన పాతదాన్లోనే ఉన్నారుగా, మాకు పింఛను పూర్తిగా వస్తుంది."

పాతదాన్లోనే! మారలేదు! అందర్నీ మార్చి తను మారలేదు!

మీ నాన్న మొహం చూడాలి. "దానికేం తెలీదు" అన్నాడు ముందు. తర్వాత "నాకు హాస్టల్లో చదువుకునే పిల్ల ఉంది కదమ్మా" అన్నాడు. అంటే నువ్వు. మరి నేనేంటి, ఈ ఇంట్లో స్టూలునా?

అమ్మ అరుస్తుందనుకున్నా. అరవలేదు. లేచి టీ కప్పులు తీసేసింది. ఆయన కప్పులో ఇంకా సగం ఉంది వదినా. తీసేసింది.

అయినా ఆ మనిషికి సిగ్గులేదు, తిట్టుకుంటే తిట్టుకో. ఇప్పుడేం అడుగుతున్నాడంటే, రేపు అందరి ముందు అమ్మ చెప్పాలట, "మా అన్నయ్య చెప్పలేదు, నేనే ఆలోచించుకుని మారాను" అని. అలా చెప్తే చిన్న తువ్వాళ్ళ దగ్గర కూర్చుని చేసే పని ఇప్పిస్తాడట. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

నువ్వు ఫోన్ చెయ్యి ఆయనకి. ఇప్పుడే. నువ్వంటే ప్రాణం కదా, నీ మాట వింటాడు. రేపు నిజం ఒప్పుకోమను, అంతే. అందరూ కలిసి పైవాళ్ళని అడిగితే ఏమైనా చేస్తారేమో. అమ్మ అబద్ధం చెప్తే మాత్రం ఇంకేం లేదు, అయిపోయినట్టే.

ఏంటి, టైప్ చేస్తావు, ఆపుతావు? మళ్ళీ టైప్ చేస్తున్నావు.

వదినా.

నీకు ముందే తెలుసా?

అమ్మ నాకు ఈ ఫోన్ కొన్నప్పుడు, "వచ్చిందంతా ఖర్చుపెట్టకండే, దాచుకోండి" అన్నావు. నీకింత బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందా అని నవ్వాను నేను. తెలిసే అన్నావా? ఏడాదిగా నాతో రోజూ చాటింగ్ చేస్తూ, ఒక్కసారి కూడా...

కాదని చెప్పు. ఒక్క ముక్క, కాదని.

చదివావు. నీలం టిక్కులు కనిపిస్తున్నాయి, పిచ్చిదాన్ననుకున్నావా?

ఆగు. పిలుస్తున్నాడు మీ నాన్న. అమ్మ సరేనందట. రేపు ఏం మాట్లాడాలో అమ్మకి నేనే నేర్పాలట, నాకు నోరెక్కువ కదా అని.

"వస్తున్నా మావయ్యా" అన్నాను. ఎంత తియ్యగా అన్నానో. రేపు అమ్మకి ఎడమ పక్క నేనే.