బండి మీద తట్టినవాడు

నా పేరు యార్బా. తండ్రి పేరు సాలెక్. వయసు ముప్పై, ముప్పై ఒకటి మధ్య ఉంటుంది. పెద్ద కరువుకు ఒంటెలన్నీ చచ్చిన ఏడాది పుట్టానని మా అమ్మ చెప్పేది. వృత్తి చేపల వేట. ఊరు సముద్రం ఒడ్డున ఉన్న నువామ్‌ఘార్. చదువు రాదు. 2000 సంవత్సరం ఫిబ్రవరి నెల, శనివారం ఉదయం, ఈ ఠాణాలో సార్జెంట్ దెంబా గారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను.

నన్ను ఎవరూ పిలిపించలేదు. డ్రైవర్ హమ్మాదీని లోపల వేశారని తెలిసి నేనే వచ్చాను. దెద్దా గారు ఇచ్చిన వాంగ్మూలాన్ని సార్జెంట్ గారు నాకు చదివి వినిపించారు. బండిలో తాను, తన కూతురు, తన మరదలు తూతూ, డ్రైవర్ హమ్మాదీ కలిసి నలుగురం ఉన్నామని, బండిని ఎక్కడ నిలపాలో తెలియక డ్రైవర్ సముద్రం పాలు చేశాడని అందులో ఉంది. నేను అయిదోవాణ్ణి. దెద్దా గారు నాకు పిల్లనిచ్చిన మామ. ఆయన అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. ఆయన స్థానంలో మా వాళ్ళలో ఏ పెద్దమనిషి ఉన్నా అల్లుడి ఊసు లేకుండానే చెబుతాడు.

నా భార్య పేరు సార్జెంట్ గారు అడిగారు. చెప్పాను. వినపడలేదని మళ్ళీ అడిగారు. సల్కా. వయసు ఇరవై రెండు.

సల్కా తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళ గుడారాలు మా ఊరికి తూర్పున ఎడారిలో, ఒంటె మీద రెండు రోజుల దారిలో, ఒక బావి దగ్గర ఉన్నాయి. తల్లి లేదు. పిన్ని తూతూయే చూసుకుంటోంది. సోమవారం మధ్యాహ్నం ఒంటెలు కాసే మనిషి ఒకడు రాత్రంతా ఆగకుండా ఒంటెను తోలుకుంటూ వచ్చి కబురు చెప్పాడు. నొప్పులు మొదలయ్యాయని, బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పాడు. ఆ రోజు మా ఊళ్ళో హమ్మాదీ బండి ఉంది. వెనక తొట్టి ఉన్న బండి. అతను ఎడారి లోపల అక్జూజ్త్ వైపు ఒక వ్యాపారి దగ్గర డ్రైవరు, మా ఊరికి బొగ్గులు తెచ్చాడు. రాళ్ళలో, ఇసుకలో నడపడం అతనికి బాగా తెలుసు. సముద్రం పక్కన ఎప్పుడూ నడపలేదు. ఆ సంగతి అతను నాతో ముందే చెప్పాడు. దారి నేను చూపిస్తానని నేనే అతన్ని ఒప్పించాను. ఇది తప్పకుండా రాసుకోమని సార్జెంట్ గారిని కోరాను.

మంగళవారం తెల్లవారేసరికి గుడారాల దగ్గర ఉన్నాం. నేను బండి చాటున నిలబడ్డాను. తూతూ వచ్చి, "వచ్చావా నాయనా, అక్కడే ఉండు. ఆయన గుడారం బయట కూర్చున్నాడు" అంది. సల్కాను పరుపుతో సహా మోసుకొచ్చి వెనక తొట్టిలో పడుకోబెట్టారు. దెద్దా గారు ముందు సీట్లో కూర్చున్నారు.

దారి తెలిసినవాడివి నువ్వు కదా, ముందు నువ్వెందుకు కూర్చోలేదని సార్జెంట్ గారు అడిగారు. సార్జెంట్ గారిది దక్షిణాన ఏటి ఒడ్డు, మా పద్ధతులు వేరు. మాలో అల్లుడు మామ పక్కన కూర్చోడు. ఆయన చూస్తుండగా తినడు, తాగడు. ఆయనకు తన గొంతు వినిపించడు. ఎదురుపడితే తలపాగా ముఖం మీదికి లాక్కుని తప్పుకుంటాడు. మామ కూడా అల్లుడు అక్కడ లేనట్టే ఉంటాడు. పెళ్ళయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆయనకు నా మీద కోపం ఉండి కాదు. పోయిన ఏడాది నాకు జ్వరం వస్తే పాలిచ్చే ఒంటెను పంపారు. ఎవరు పంపారో చెప్పవద్దని తోలుకొచ్చినవాడితో అన్నారు.

అందుకని బయలుదేరే ముందే హమ్మాదీకి చాటుగా చెప్పాను.

"బండి పైకప్పు మీద ఒకసారి కొడితే నీళ్ళ వైపు జరుగు. రెండుసార్లు కొడితే ఇసుక దిబ్బ వైపు జరుగు. ఆపకుండా కొడుతున్నానంటే ఆగొద్దు, పోనియ్యి."

"గాడిదను తోలినట్టు తోలుతావన్నమాట నన్ను" అని నవ్వాడు.

"తోలించుకో. ఊరు చేరాక నువ్వు నన్ను తోలుదువుగాని."

నేను వెనక తొట్టిలో ఎక్కాను. ముందు సీట్లోంచి కనబడకుండా తూతూ తన పైబట్టను సీటు వెనక అద్దానికి అడ్డంగా కట్టింది. అందువల్ల నేను సల్కా పక్కన కూర్చోగలిగాను. మధ్యాహ్నానికి ఇంకా చాలా ముందే సముద్రం కనిపించింది. రాళ్ళ మీద కుదిపినప్పుడల్లా ఆమె పళ్ళు బిగబట్టేది, అరవలేదు. ముందు తండ్రి ఉన్నాడని అరవలేదు. నా తలపాగా కొసను చేతికి చుట్టుకుని పట్టుకుంది.

సముద్రం గాలి తగలగానే, "మీ ఊరి కంపు మొదలైంది. నా బిడ్డకూ ఇదే కంపు వస్తుంది కాబోలు" అంది.

"రోజూ కాస్త చేప నూనె తాగి ఉంటే నీకు బలం ఉండేది" అన్నాను.

"ఒంటెపాలు తాగి పెరిగినదాన్ని. నీ నూనె నువ్వే తాగు."

తూతూ మా ఇద్దరినీ కసిరింది. "నోరు ముయ్యండి. కాన్పుకు పోతున్నారా, పెళ్ళికి పోతున్నారా?"

సముద్రం ఒడ్డునే దక్షిణానికి, రాజధాని నువక్షోత్‌లోని ఆసుపత్రికి తిరిగాం. ఎడారి మీదుగా అయితే రెండు రోజులు పడుతుంది. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు తడి ఇసుక తారు రోడ్డులా గట్టిగా ఉంటుంది. దాని మీద పూట లోపల చేరవచ్చు. చేపల బండ్లన్నీ అలాగే పోతాయి. నీళ్ళు తిరిగి వచ్చేలోపు దిబ్బల మధ్య సందు చూసుకుని పైకెక్కాలి. ఎక్కకపోతే ఒక పక్క దిబ్బ, ఒక పక్క నీళ్ళు. నేను తడుతూ వచ్చాను. హమ్మాదీ ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. ఇదీ రాసుకోమన్నాను.

తీవిలిత్ అనే పల్లె దాటిన కొంతసేపటికి ఇంజను ఆవిర్లు కక్కింది. హమ్మాదీ ఆపాడు. ఆపక తప్పదు. అక్కడ దిబ్బ గోడలా నిలువుగా సముద్రం దాకా దిగి ఉంది. ఎక్కడానికి సందు అర మైలు ముందు ఉంది. నీళ్ళు అప్పటికి దూరంగానే ఉన్నాయి. ఇంజనులో నీళ్ళు పోసి, కొంచెం చల్లారగానే కదిలితే సరిపోయేది.

సల్కాకు అప్పుడే నొప్పి తగ్గి నిద్ర పట్టింది. తూతూ ఆ మాట దెద్దా గారికి చెప్పింది. ఆయన ముఖం తేటపడిందని తర్వాత హమ్మాదీ చెప్పాడు. రెండు రాత్రులు నిద్ర లేని మనిషి. "అల్లా దయ. పడుకోనివ్వండి, కుదుపులు లేకుండా కాసేపు పడుకోనివ్వండి" అన్నారు. నమాజు చేసుకున్నారు. తర్వాత దిబ్బ మొదట్లో బొగ్గులు రాజేసి టీ పెట్టారు. మాలో టీ అంటే మూడు గ్లాసులు, ఒక్కోటీ విడిగా కాయాలి, గంట పైనే పడుతుంది. ఎడారి మనిషి గాలికి వీపు పెట్టి కూర్చుంటాడు. ఆయన వీపు సముద్రం వైపు ఉంది. హమ్మాదీ ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళకూ నీళ్ళకూ మధ్య బండి అడ్డం.

నేను బండికి ఇవతల, నీళ్ళ వైపు నిలబడ్డాను. ఆయన టీ తాగుతున్న చోట నేను కనబడకూడదు.

మొదటి గ్లాసు తాగుతుండగానే నీళ్ళు ఒడ్డు వైపు తిరిగాయి. నురుగు చూస్తే మాకు తెలుస్తుంది. బండి పైకప్పు మీద తట్టాను. సల్కా లేస్తుందేమోనని మరీ గట్టిగా కొట్టలేదు. ఆపకుండా తట్టాను.

అటు పక్క మాటలు నాకు వినిపించాయి.

"పెద్దాయనా, తడుతున్నారు" అన్నాడు హమ్మాదీ.

"ఎవరు?" అన్నారు దెద్దా గారు.

హమ్మాదీ నా పేరు చెప్పలేదు. మామ ముందు అల్లుడి పేరెత్తడం కూడా మర్యాద కాదు. దెద్దా గారే జవాబిచ్చారు.

"గాలి. గాలికి రేకు కొట్టుకుంటోంది. కూర్చో అబ్బాయ్. ఇంకా రెండు గ్లాసులున్నాయి. మూడోది తాగకుండా లేస్తే నా చేతి టీ చేదన్నట్టే."

అది గాలి కాదని ఆయనకు తెలుసు. నేను అక్కడ ఉన్నానని పైకి అనకుండా ఉండాలంటే గాలి అనాలి. నన్ను గౌరవించే అలా అన్నారు. ఎందుకు తడుతున్నానో మాత్రం ఆయనకు తెలియదు. బండ్లు తిరిగే ఒడ్డు ఆయనకు కొత్త. హమ్మాదీకి తెలుసు. లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పెద్దాయన గ్లాసు చేతికిచ్చి కూర్చోమంటే మాలో కుర్రవాడెవడూ లేచి నిలబడడు.

రెండో గ్లాసుకు నా పాదాలు తడిశాయి. తొట్టిలో ఉన్న తూతూకు చెప్పాను. "పిన్నీ, నీళ్ళు వస్తున్నాయని చెప్పు. ఇప్పుడే కదలాలని చెప్పు."

ఆమె తొట్టి అవతలి అంచు మీదికి వంగి, "బావా, ఈ నీళ్ళు మన దగ్గరికి వస్తున్నట్టున్నాయే" అంది.

"నీ దగ్గరికి ఎందుకొస్తాయే తూతూ? నువ్వేమన్నా పడుచుపిల్లవా?" అన్నారు. ఆ రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదొక్కసారే. ఆమె కూడా నవ్వింది. సముద్రం గురించి ఎడారి ఆడమనిషి చెబితే ఎవరు పట్టించుకుంటారు? నేను చెప్పానని చెప్పు అని నేను ఆమెతో అనలేదు. అనాల్సింది.

మళ్ళీ తట్టాను. చక్రాల కింద ఇసుక మెత్తబడింది.

బండి చుట్టూ తిరిగి వెళ్ళి చెప్పడానికి ఎన్ని అడుగులని సార్జెంట్ గారు అడిగారు. ఆరేడు అడుగులు. ఆయన బల్ల మీద చెయ్యి వేసి కొట్టారు. "ఏమయ్యా, మాకూ మామలున్నారు, మాకూ మర్యాదలున్నాయి. మనిషి ప్రాణం పోతుంటే నోరు తెరుస్తాం!" ఆమె ప్రాణం పోతోందని అప్పుడు నాకు తెలియదు. నిద్రపోతోందనుకున్నాను. ఇంకొక్క గ్లాసే కదా అనుకున్నాను. మూడో గ్లాసు అయ్యేసరికి అల ఒకటి బండి కింద నుంచి వెళ్ళి బొగ్గుల మీద పడింది.

హమ్మాదీ పరుగెత్తి బండి నడిపాడు. చక్రాలు తిరిగిన కొద్దీ దిగబడ్డాయి. దెద్దా గారు ఒక పక్క చేతులతో ఇసుక తవ్వారు, నేను ఇంకో పక్క తవ్వాను. ముఖం మీద తలపాగా తడిసి ఊపిరి ఆడలేదు. తీయలేదు. తర్వాత ఆమెను దుప్పటిలో వేసి నాలుగు కొసలూ పట్టుకుని దిబ్బ మీదికి మోశాం. తల వైపు దెద్దా గారు, హమ్మాదీ. కాళ్ళ వైపు తూతూ, నేను. నేను తల ఎత్తలేదు. ఆమె అరికాళ్ళు చూస్తూ నడిచాను. కాన్పుకని తూతూ పెట్టిన గోరింటాకు బాగా పండింది.

పైకి చేర్చాక దెద్దా గారు ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నారు. కాబట్టి నేను దిబ్బ ఇవతలికి దిగి కూర్చున్నాను. తూతూ అటూ ఇటూ తిరిగింది. ఒకసారి వచ్చి, "ఉన్నాడా అని అడుగుతోంది. ఉన్నాడని చెప్పాను" అంది. నేను గట్టిగా దగ్గాను, ఆమెకు వినపడాలని. ఆయనకూ వినపడి ఉంటుంది. ఇంకోసారి దగ్గాను. తర్వాత తూతూ రాలేదు. పొద్దు గూకకముందే తూతూ ఏడుపు వినిపించింది.

బిడ్డ బయటికి రాలేదు. ఇద్దరినీ ఆ దిబ్బ మీదే పాతిపెట్టాం. దెద్దా గారు ముందు నిలబడి జనాజా నమాజు చేయించారు. నేను హమ్మాదీ పక్కన, వెనక వరసలో నిలబడ్డాను. బండిని సముద్రం కొంచెం కొంచెంగా మింగింది. తెల్లవారి నీళ్ళు తగ్గాక చేపల బండి ఒకటి వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. మునిగిన బండి యజమాని ఫిర్యాదు చేశాడు, హమ్మాదీని పట్టుకున్నారు.

ఇక్కడిదాకా రాసుకుని సార్జెంట్ గారు అన్నారు. "నువ్వు బండిలో ఉన్నావని దెద్దా ఒప్పుకోవాలి. లేకపోతే దీనికి విలువ లేదు, డ్రైవర్‌ని కోర్టుకు పంపడమే. ఆయన బయట చెట్టు నీడలో ఉన్నాడు. పిలుస్తాను, ఎదుట చెప్పు."

పిలవవద్దన్నాను.

"భార్యే పోయాక ఇంకా మామేంటయ్యా? ఇప్పుడాయన నీకు పరాయివాడు. ఎవరితోనైనా మాట్లాడినట్టే మాట్లాడు" అన్నారు.

ఆయన మంచికే అన్నారు. దెద్దా గారి ముందు ముఖం కప్పుకున్నంత కాలం నేను సల్కా భర్తను. మాట్లాడితే ఇక ఏమీ కాను. నాకు ఇంతకంటే చెప్పడం రాదు. లోపలి గదిలోంచి హమ్మాదీ, "యార్బా అన్నా, చెప్పావా?" అని కేకేశాడు.

పిలవమన్నాను.

దెద్దా గారు వచ్చి గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను తలపాగా ముఖం మీంచి తీసేశాను. "తట్టింది నేను. దారి చూపిస్తానని తెచ్చింది నేను. హమ్మాదీ తప్పు లేదు" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాటలు ఇవి.

ఆయన నా వైపు తిరిగి చూశారు. "నీళ్ళు తిరిగాయని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి గ్లాసు అప్పుడే."

"మూడో గ్లాసు దాకా అక్కడే నిలబడ్డావా?"

"నిలబడ్డాను."

ఆయన తల ఊపారు. "మీ అమ్మ నిన్ను బాగా పెంచింది" అన్నారు. ఎత్తిపొడుపుగా అనలేదు. లేచి, సార్జెంట్ గారితో, "అయిదుగురం. దిద్దుకోండి" అని చెప్పి బయటికి వెళ్ళిపోయారు.

పైన రాసినదంతా సార్జెంట్ గారు నాకు మా భాషలో చదివి వినిపించారు. నేను చెప్పినదే ఉంది. కలపాల్సింది గానీ తీసేయాల్సింది గానీ లేదు. అంతా జరిగినదే. సంతకం రాదు కనుక వేలిముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
యార్బా, సాలెక్ కొడుకు

నా ఎదుట వేసినది: సార్జెంట్ దెంబా